24 వోల్ట్ డీసీ హైడ్రాలిక్ పవర్ ప్యాక్ రివ్యూ: క్రషర్ రోబోకి పెట్టొచ్చా?

కంబాట్ రోబోల్లో, అంటే అరీనాలో ఒకదాంతో ఒకటి కొట్లాడే రిమోట్ రోబోల్లో, క్రషర్ (హైడ్రాలిక్ దవడతో అవతలి రోబోని పట్టి నలిపేది) కట్టాలనుకునే ప్రతి టీమ్ ఎప్పుడో ఒకప్పుడు ఈ సామాను దగ్గరికే వస్తుంది. టిప్పర్ ట్రాలీలకి, లారీ వెనక సరుకు ఎక్కించే లిఫ్ట్‌లకి వాడే చిన్న డీసీ పవర్ ప్యాక్ అన్నమాట. ఒక మోటారు, దానికి బిగించిన గేర్ పంపు, మధ్యలో అల్యూమినియం బ్లాక్, కింద రేకు ట్యాంకు. అన్నీ ఒకే ముద్దగా బిగించి వస్తాయి, రెండు హోస్‌లు తగిలించి బ్యాటరీ ఇస్తే సిలిండర్ కదుల్తుంది. మా హెవీవెయిట్ క్రషర్‌కి ఇదే పెట్టి వాడుతున్నాం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తా. కంపెనీ పేరు కావాలని రాయట్లేదు, ఎందుకంటే ఈ తరహా ప్యాక్‌లు స్టిక్కర్ మారినా లోపల దాదాపు ఒకే అమరిక, నేను చెప్పేది మీరు కొనబోయే దానికి కూడా చాలావరకు వర్తిస్తుంది.

ముందు బ్రోషర్‌లో ఏముందో చెప్తా. మోటారు 2 కిలోవాట్లు, 24 వోల్ట్. పంపు ఒక చుట్టుకి 1.6 సీసీ. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటకుండా ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసేది) 200 బార్. డ్యూటీ (మోటారుని ఎంతసేపు తిప్పొచ్చనే లెక్క) ఎస్3, 10 శాతం. ఇవి చదవగానే మనోళ్లంతా ఏం చేస్తారంటే 200 బార్ చూసి, పెద్ద సిలిండర్ ఒకటి ఊహించుకుని, టన్నులు లెక్కేసుకుని మురిసిపోతారు. 50 ఎంఎం బోర్ (లోపలి వ్యాసం) సిలిండర్ తీసుకుంటే ఏరియా 1963 చదరపు ఎంఎం, 200 బార్ దగ్గర 39 కిలోన్యూటన్లు, అంటే 4 టన్నులు. ఆహా అనిపిస్తుంది. 63 బోర్ వేస్తే ఆరు టన్నులు దాటుతుంది, ఇంకేం. కానీ ఈ ప్యాక్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని టన్నులు అని కాదండి, దవడ మూసుకోడానికి ఎన్ని సెకన్లు అని. అవతలి రోబో మన నోట్లో అంతసేపు కూర్చోదు కదా.

సెకన్ల లెక్క చూద్దాం. 50 బోర్, 100 ఎంఎం స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) అంటే నిండడానికి 196 సీసీ ఆయిల్ కావాలి. పంపు 1.6 సీసీ, మోటారు 2800 ఆర్పీఎం తిరిగిందనుకుంటే నిమిషానికి నాలుగున్నర లీటర్లు. అంటే పూర్తి స్ట్రోక్‌కి 2.6 సెకన్లు, అదీ లోడ్ లేనప్పుడు. లోడ్ పడగానే మోటారు స్పీడు తగ్గుతుంది, బ్యాటరీ వోల్టేజ్ కుంగుతుంది, ఇంకా ఆలస్యం. అరీనాలో రెండున్నర సెకన్లంటే మామూలు టైమ్ కాదు, మంచి డ్రైవర్ అయితే ఆ లోపల వెనక్కి జారుకుని, చుట్టూ తిరిగి వచ్చి మన పక్కకి గుద్దేస్తాడు. బోర్ 63కి పెంచితే బలం పెరుగుతుంది గానీ ఆయిల్ 312 సీసీ అవుతుంది, నాలుగు సెకన్లు దాటిపోతుంది. కాబట్టి ఈ ప్యాక్‌తో 50 బోర్ దాటి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం, 40 బోర్ కూడా ఆలోచించండి.

మా సెటప్‌లో పివట్ (దవడ ఊగే ఇరుసు) మధ్యలో ఉంటుంది, సిలిండర్ వెనక చెయ్యిని పైకి తోస్తే ముందు ముక్కు (పై దవడ మొన) కిందికి దిగుతుంది. వెనక 120 ఎంఎం, ముందు 360 ఎంఎం. 1:3 నిష్పత్తి, కాబట్టి 39 కిలోన్యూటన్లు ముక్కు దగ్గరికి వచ్చేసరికి 13 అవుతాయి, అంటే 1.3 టన్నులు. బ్రోషర్ టన్నులు ఇక్కడే కరిగిపోయేది. సిలిండర్‌ని పివట్‌కి దూరంగా జరిపితే ముక్కు దగ్గర బలం పెరుగుతుంది, కానీ నోరు తెరుచుకునే ఎత్తు తగ్గుతుంది, అప్పుడు ఎత్తైన రోబోలు అసలు నోట్లోకే రావు. బలం, వేగం, నోటి వెడల్పు మూడూ ఒకేసారి ఇచ్చే ప్యాక్ ఈ సైజులో లేదు, రాదు కూడా. ఎందుకంటే లెక్క పవర్ దగ్గర ఆగిపోతుంది. నాలుగున్నర లీటర్లు, 200 బార్ అంటే హైడ్రాలిక్ పవర్ ఒకటిన్నర కిలోవాట్, అంతే, దాన్ని మీరు ఎటు పంచుకుంటారో మీ ఇష్టం.

పాత ఫ్యాన్స్‌కి రేజర్ గుర్తుంటుంది. బ్రిటన్ రోబో వార్స్‌లో 1998లో రెండో సిరీస్‌తో మొదలై ఐదో సిరీస్‌లో ఛాంపియన్ అయిన రోబో, వంకర ముక్కుతో హైడ్రాలిక్ క్రషర్. క్రషర్ కట్టేవాళ్లలో సగం మంది దాన్ని చూసే మొదలుపెట్టి ఉంటారు. అందరూ ఆ ముక్కు అవతలి రోబోలోకి దిగబడే సీన్ గుర్తుపెట్టుకుంటారు గానీ, నేను ఆ ఫైట్లు మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నది డ్రైవింగ్. అవతలివాడి కిందికి ముందు దూరడం, వాడు కదల్లేకుండా పట్టడం, ఆ తర్వాతే నొక్కడం. కింద దవడ నేలకి అంటుకుని అవతలి రోబో కిందికి వెళ్లకపోతే పైన ఎన్ని టన్నులున్నా గాలిని నొక్కుతున్నట్టే. అడకత్తెరలో పోకచెక్క సామెత మనకి తెలిసిందే కదా, ఆ చెక్క అడకత్తెర మధ్యకి చేరేదాకా కత్తెరకి పనేముంది.

సరే, ప్యాక్ సంగతికి వద్దాం. స్పీడు సమస్యకి ఒక మందు ఉంది, రీజనరేటివ్ సర్క్యూట్. సిలిండర్ బయటికి వస్తున్నప్పుడు రాడ్ (పిస్టన్‌కి బిగించిన కడ్డీ) వైపు నుంచి వచ్చే ఆయిల్‌ని ట్యాంకుకి పంపకుండా మళ్లీ వెనక వైపుకే కలిపేయడం. అప్పుడు పంపు నింపాల్సింది రాడ్ మందం మేరకే. మాది 30 ఎంఎం రాడ్, ఏరియా 707 చదరపు ఎంఎం, 100 స్ట్రోక్‌కి 71 సీసీ చాలు. 2.6 సెకన్లు కాస్తా ఒక సెకనులోపు పడిపోతుంది. బలం మూడో వంతుకి కాస్త పైన మిగుల్తుంది, కానీ ముక్కు అవతలివాణ్ణి తాకేదాకా బలంతో పనేముంది? తాకాక ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు వాల్వ్ మార్చి మామూలు సర్క్యూట్‌లోకి వస్తే పూర్తి బలం. ఈ ప్యాక్ బ్లాక్‌లో దీనికి ఏర్పాటు లేదు, బయట ఇంకో వాల్వ్ బ్లాక్ పెట్టాలి, ప్రెషర్ స్విచ్‌తో ఆటోమేటిక్ చేయొచ్చు లేదా ట్రాన్స్‌మిటర్ మీద రెండో స్విచ్‌కి ఇవ్వొచ్చు. మేం స్విచ్‌కే ఇచ్చాం, డ్రైవర్ చేతిలో ఉంటేనే నమ్మకం. కిలోన్నర బరువు పెరుగుతుంది, ప్రతి గ్రాముకీ విలువ ఉంది. ఒక జాగ్రత్త ఏంటంటే ఈ మోడ్‌లో రాడ్ వైపు హోస్‌లోంచి, ఫిట్టింగ్‌ల్లోంచి ఆయిల్ మామూలుకంటే చాలా వేగంగా పోతుంది, సన్న ఫిట్టింగ్ పెడితే అదే బ్రేక్ వేసినట్టు అవుతుంది.

ఇప్పుడు ఈ ప్యాక్‌లో నాకు అస్సలు నచ్చనిది, ట్యాంకు. ఇది లారీకింద నిటారుగా కూర్చోడానికి చేసిన సామాను. ట్యాంకు మూత మీద గాలి పీల్చే బ్రీదర్ ఉంటుంది, లోపల సక్షన్ పైపు అడుగున ఉంటుంది. రోబో తిరగబడిందనుకోండి, బ్రీదర్‌లోంచి ఆయిల్ కారుతుంది, సక్షన్ పైపు గాలి పీలుస్తుంది, పంపులోకి గాలి వెళ్తే సిలిండర్ స్పాంజి లాగా మెత్తబడిపోతుంది, పంపు గరగరమని అరుస్తుంది, ఆ అరుపు ఎక్కువసేపు వింటే పంపు పోయినట్టే. రేకు కూడా పల్చన, స్పిన్నర్ (వేగంగా తిరిగే చక్రంతో కొట్టే రోబో) దెబ్బ సంగతి వదిలేయండి, స్పానర్ జారి పడినా సొట్ట పోయింది. ఇంకో తమాషా ఏంటంటే రెండు లీటర్ల ట్యాంకు మనకి అవసరమే లేదు. సిలిండర్ లోపలికి బయటికి వెళ్లినప్పుడు ట్యాంకులో మట్టం మారేది రాడ్ ఆక్రమించే చోటు మేరకే, అంటే పైన చెప్పిన ఆ 71 సీసీ. అందుకే మేం రేకు ట్యాంకు పీకేసి, మందపాటి అల్యూమినియం గొట్టంలో స్ప్రింగ్ ఉన్న పిస్టన్ పెట్టి మూసేసిన చిన్న ట్యాంకు చేసుకున్నాం. గాలికి చోటే లేదు కాబట్టి ఎటు తిరగబడినా పంపుకి ఆయిలే అందుతుంది. స్ప్రింగ్ బాగా మెత్తగా ఉండాలి, ఆయిల్‌ని పంపు వైపు నెట్టేంత చాలు. ఆయిల్ తక్కువైతే త్వరగా వేడెక్కుతుంది నిజమే, కానీ మూడు నిమిషాల ఫైట్‌కి అది ఇబ్బంది కాలేదు. ఆయిల్ ఐఎస్ఓ వీజీ 32 (చిక్కదనం గ్రేడ్) వాడుతున్నాం. ఇంకా చిక్కటి 46 పోస్తే చల్లగా ఉన్నప్పుడు మోటారు మూలిగింది.

మోటారు మాత్రం గట్టిది. డీసీ మోటారు కాబట్టి మొదట లాగే కరెంట్ భయంకరంగా ఉంటుంది, ఒక్క క్షణం వందల ఆంపియర్లు, ఆ తర్వాత పూర్తి ప్రెషర్ దగ్గర మా మీటర్‌లో 90 చుట్టుపక్కల. లెక్కకి కూడా సరిపోయింది, ఒకటిన్నర కిలోవాట్ బయటికి రావాలంటే నష్టాలు కలుపుకుని రెండు కిలోవాట్లు లోపలికి పోవాలి. 8 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టాం, 25.6 వోల్ట్, వోల్టేజ్ పెద్దగా కుంగట్లేదు. ఎస్3, 10 శాతం అంటే పది నిమిషాల్లో ఒక నిమిషం తిప్పొచ్చని అర్థం, ఫైట్‌లో మనం నొక్కేది మహా అయితే కొన్ని సెకన్ల చొప్పునే కాబట్టి సరిపోతుంది. వర్క్‌షాప్‌లో టెస్టింగ్ అప్పుడే జాగ్రత్త, ఇంకోసారి చూద్దాం ఇంకోసారి చూద్దాం అని నొక్కుతూ పోతే మోటారు ఒళ్లు కాలిపోతుంది.

ప్యాక్‌తోపాటు వచ్చే కాంటాక్టర్, అంటే మోటారుకి కరెంట్ ఇచ్చి ఆపే స్టార్టర్ రిలే లాంటిది, అది మార్చేయండి. ఆ కరెంట్‌కి దాని పాయింట్లు అతుక్కుపోయే ప్రమాదం ఉంది, అతుక్కుంటే మీరు రిమోట్ వదిలేసినా పంపు తిరుగుతూనే ఉంటుంది. రిమూవబుల్ లింక్ (పీకేస్తే బ్యాటరీ కరెంట్ తెగిపోయే ముక్క) చేతికందేలా బయట పెట్టుకోవడం రూల్ కోసమే కాదు, ఇలాంటి రోజు కోసం కూడా.

రిలీఫ్ వాల్వ్ గురించి సీరియస్‌గా చెప్తున్నా. బ్రోషర్‌లో 200 బార్ అని ఉంది, గేజ్ పెట్టి సిలిండర్ చివరిదాకా తోసి చూస్తే 230 చూపించింది. సీలు వేసి వచ్చిన సెట్టింగ్ కదా అని నమ్మకండి. గేజ్ బిగించుకోడానికి టెస్ట్ పాయింట్ పర్మనెంట్‌గా పెట్టుకోండి, చాలా పోటీల టెక్నికల్ ఇన్స్పెక్షన్‌లో అడుగుతారు కూడా. ప్రెషర్ లిమిట్ పోటీని బట్టి మారుతుంది, రూల్ బుక్ ముందు చదివి తర్వాత సిలిండర్ సైజు డిసైడ్ అవ్వండి. అక్యుమ్యులేటర్ (ప్రెషర్‌తో ఆయిల్ నిల్వ చేసే డబ్బా) పెట్టి స్పీడు పెంచుదాం అనే ఐడియా అందరికీ వస్తుంది, చాలా చోట్ల అది నిషేధం, కారణం ఊహించడం కష్టమేం కాదు, స్విచ్ ఆపేశాక కూడా ప్రెషర్ దాచుకుని కూర్చునే సామాను పక్కన ఎవరు నిలబడతారు. ఈ ప్యాక్‌లో చేత్తో తిప్పి ప్రెషర్ వదిలేసే మాన్యువల్ స్క్రూ ఉంది, అది మంచి విషయం, కానీ మోటారు కింద మూలన దాక్కుని ఉంది, రోబో కవర్‌లో దానికి కన్నం వేసుకోండి. ఆ స్క్రూ లేకపోతే ఫైట్ అయ్యాక అవతలి రోబోని మన నోట్లోంచి తీయడానికి తిప్పలు తప్పవు. చెక్ వాల్వ్ (ఆయిల్‌ని ఒక వైపే పోనిచ్చేది) ఉండటం వల్ల మోటారు ఆపినా పట్టు వదలదు, బ్యాటరీకి అది వరం, కానీ పట్టుకుని ఉంచే టైమ్‌కి చాలా పోటీల్లో లిమిట్ ఉంటుంది కాబట్టి వదిలే స్పీడు కూడా టెస్ట్ చేసుకోండి.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసే అలవాటుంటే ఇవాళే మానేయండి. 200 బార్ దగ్గర సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది, పైకి చిన్న చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, లోపల మాత్రం కండ కుళ్లిపోతుంది. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాల్సిన ఎమర్జెన్సీ అది. అట్టముక్క పెట్టి చూడండి, కళ్లద్దాలు తప్పనిసరి.

ప్యాక్‌తో సంబంధం లేదనుకుంటారు గానీ నిజానికి ఈ ప్యాక్ కొంటే మీరు కొనేది సగం రోబోనే, మిగతా సగం దాని బలం తట్టుకునే ఫ్రేమ్. మా లెక్కలో ముక్కు దగ్గర 13 కిలోన్యూటన్లు, సిలిండర్ 39, మరి పివట్ పిన్ మీద? రెండూ కలిసి 52, అంటే 5.3 టన్నులు. అవతలివాడికి ఇచ్చేదానికి నాలుగింతలు మన పిన్నే మోస్తోంది. 20 ఎంఎం పిన్‌ని రెండు వైపులా ప్లేట్లతో పట్టిస్తే షేర్ స్ట్రెస్ (పిన్‌ని అడ్డంగా కోసే ఒత్తిడి) 83 ఎంపీఏ, అది పర్లేదు, కానీ ప్లేట్ల మధ్య గ్యాప్ ఎక్కువుంటే పిన్ వంగుతుంది, పిన్‌లు పాడయ్యేది తెగి కాదు వంగి. గ్యాప్ తగ్గించి, హార్డెన్ చేసిన ఈఎన్24 లాంటి స్టీల్ వాడండి. కింద ఫ్రేమ్ మీద పడే మొమెంట్ (వంచే బలం) 4.7 కిలోన్యూటన్ మీటర్లు. 10 ఎంఎం ప్లేట్లు రెండు, 80 ఎంఎం లోతుతో పెడితే స్ట్రెస్ 220 ఎంపీఏ వస్తుంది, మైల్డ్ స్టీల్ 250కి లొంగిపోతుంది, అంటే అంచున నడుస్తున్నాం. అదే ప్లేట్ల లోతు 120కి పెంచితే 98కి దిగుతుంది. మందం పెంచేకంటే లోతు పెంచడం ఎంత లాభమో చూడండి. ఫ్రేమ్ చాలకపోతే మీ రోబో అవతలివాణ్ణి కాదు, తనని తానే నలుపుకుంటుంది.

ఇక అసలు నొక్కితే ఏమవుతుంది? ఒక నిజం చెప్పాలి, 1.3 టన్నులతో అన్నీ చిరగవు. 3 ఎంఎం అల్యూమినియం షీట్‌లో 10 ఎంఎం గుండ్రటి కన్నం ఒకేసారి కొట్టాలంటేనే సుమారు 19 కిలోన్యూటన్లు కావాలి. అందుకే ముక్కు చివర మొనలాగా ఉండాలి, ముందు చిన్న చోట దిగి అక్కడి నుంచి చీల్చుకుంటూ పోవాలి. మా ముక్కు అల్యూమినియంలోకి బాగానే దిగుతోంది. అదే మందం గ్రేడ్ 5 టైటానియం అయితే గీత పెట్టి ఆగిపోతోంది. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ కవచం విచిత్రం, మొన సులువుగా దిగుతుంది, కానీ ప్లాస్టిక్ పగలదు, లోపల ఏమీ పాడవదు, పైగా మొనని పట్టేసుకుంటుంది. హార్డాక్స్ (బాగా గట్టి స్టీల్) ప్లేటు ఏటవాలుగా ఉంటే ముక్కు జారిపోతుంది, దానికి టన్నులు పెంచడం మందు కాదు, పైకప్పు మీద చదునైన చోటు వెతుక్కోవడమే. క్రషర్‌కి ఇష్టమైన చోటు ఎప్పుడూ పైకప్పే, చాలా టీమ్‌లు బరువు మిగుల్చుకునేది అక్కడే.

స్పిన్నర్‌తో పోల్చి అడుగుతారు కాబట్టి ఒక్క మాట. మా సిలిండర్ పూర్తి బలంతో పూర్తి స్ట్రోక్ నడిచినా చేసే పని 4 కిలోజూల్స్ లోపే. హెవీవెయిట్ స్పిన్నర్లు దానికి ఎన్నో రెట్లు తిరిగే చక్రంలో దాచుకుని ఒక్క దెబ్బలో వదుల్తాయి. అందుకే ఈ ప్యాక్ పెట్టుకుని స్పిన్నర్ ముందుకి వెళ్లేటప్పుడు ముందు వైపు కవచానికి బరువు మిగలాలి. ప్యాక్ ఒరిజినల్‌గా 14 కిలోలు, ట్యాంకు మార్చాక 12, సిలిండర్ 7, వాల్వ్ బ్లాకు, హోస్‌లు, ఆయిల్ కలుపుకుంటే 24 దాకా. 110 కిలోల రోబోకి నడుస్తుంది. 13.6 కిలోల ఫెదర్‌వెయిట్ వాళ్లు దీనివైపు చూడనక్కర్లేదు, మీకు స్క్రూతో నడిచే ఎలక్ట్రిక్ యాక్చుయేటరే దిక్కు, అది నెమ్మదే గానీ ఆయిల్ గోల ఉండదు, ట్రెపజాయిడల్ స్క్రూ అయితే పట్టు కూడా దానంతటదే నిలుస్తుంది.

కేబుల్ లగ్గులు నొక్కే బ్యాటరీ క్రింపింగ్ టూల్ విప్పి వాడొచ్చు కదా అని కూడా అడుగుతారు. 700 బార్, చేతిలో పట్టేంత సైజు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆయిల్ ఫ్లో మరీ తక్కువ, రామ్ (తోసే కడ్డీ) కదిలేది చాలా తక్కువ దూరం, పైగా ఆ ప్రెషర్‌ని చాలా రూల్ బుక్‌లు ఒప్పుకోవు. డెమో రోబోకి సరదాగా ఉంటుందేమో, ఫైట్‌కి వద్దు.

మార్కులు అడిగితే ఐదుకి మూడున్నర ఇస్తా. మోటారు పంపు జత ఐదు మార్కుల సామాను, ట్యాంకు ఒకటి, కాంటాక్టర్ ఒకటిన్నర. కొనేముందు అమ్మేవాళ్లని మూడు విషయాలు అడగండి, పంపు ఎన్ని సీసీ, పూర్తి ప్రెషర్ దగ్గర ఆర్పీఎం ఎంత, ట్యాంకు లేకుండా ఇస్తారా. రెండోదానికి జవాబు తెలియనివాళ్లే ఎక్కువ, చెప్పగలిగినవాళ్ల దగ్గరే తీసుకోండి. సీల్ కిట్ ఒకటి అప్పుడే తీసుకోండి, ఫిట్టింగ్‌లకి డౌటీ వాషర్లు (లీకు ఆపే రబ్బరు అంచున్న వాషర్లు) డజను. హోస్‌లు మాత్రం ప్యాక్‌తో వచ్చినవి వాడొద్దు, పొడవు మీ రోబోకి సరిపోదు, మడత పడ్డ చోటే ముందు పోతుంది. కొలత ఇచ్చి కొత్తవి నొక్కించుకోండి, దవడ పూర్తిగా తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి కొలిచి, పెద్దది ఏదైతే దానికి ఇంకో నాలుగు వేళ్లు కలిపి.